పెద్ద నీటిలో వాలుగవేట

తెలంగాణమున మృగశిర కార్తె ప్రవేశించిననాడు చేప వండని మాంసాహారుల యిల్లు అరుదు. ఎండలు తగ్గి తొలకరి చల్లదనము సోకునప్పుడు ఒడలికి కావలసిన వేడిని చేప యిచ్చునని పెద్దల నమ్మకము. పల్లెలలో ఆ దినమును 'మిర్గం' అందురు. జూను 7, 8 తేదీలలో వచ్చు ఆ ఒక్క దినమునకై నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూలు అంగళ్ళలో చేపల గంపలచుట్టు తెల్లవారకముందే జనము మూగుదురు. తక్కిన దినములలో పావలాకు పోట్లాడువారు గూడ ఆనాడు చెప్పిన ధర యిచ్చి చేప పట్టుకొని పోవుదురు.

అయితే ఆ దినములలోనే పాలమూరు, నల్లగొండ మెట్టనేలలపై పడమటి గాలి లేచును. ఆ దినములలోనే ఊరి చెరువులు అడుగంటి బురద నెఱ్ఱెలు వారును. కృష్ణలోని వాలుగచేప తొలకరి నీటికై యెదురుచూచుచు గుడ్లతో నిండియుండుటయు అప్పుడే. చేప మిక్కిలి కావలసినప్పుడు చెరువున చేప లేదు. చేపయున్న పెద్ద నీటిపై గాలి యున్నది. ఆ గాలికి తెగించి పట్టిన చేప కడుపున మరుసటి తరమున్నది. చెరువు మాత్రమే యెఱిగినవాడు కృష్ణా జలాశయములలోనికి తొలిసారి దిగుట తరచుగా ఈ చిక్కుముడి నడుమనే జరుగును.

చెరువువాని విద్య తక్కువది కాదు. నల్లగొండ ప్రక్కనున్న పానగల్లు ఉదయసముద్రము కందూరి చోడుల నాటిది. ఎనిమిది వందల యేండ్లకు పైబడిన అట్టి తటాకములలో నీటితోపాటు చేపపట్టు జ్ఞానము గూడ తండ్రినుండి కొడుకునకు దిగుచు వచ్చినది. తూము దగ్గఱ ఏ వేళ చేప చేరునో, అలుగు పాఱిన రాత్రి ఎదురెక్కు చేపకు ఎక్కడ మాటు వేయవలెనో, తుంగ కదలికను బట్టి లోపలనున్నది కొఱ్ఱమీనో జెల్లయో బెస్తయింటి బాలుడు, ముదిరాజుల పిల్లవాడు పదేండ్లకే చెప్పగలడు. చెరువునకు కట్ట యున్నది. కట్టపై మఱ్ఱి యున్నది. ఎటు తిరిగినను ఊరు కనబడును. నడివేసవిలో నైనచో ఈ కట్టనుండి ఆ గట్టునకు నడిచిపోవచ్చును. భయమునకు చోటు లేదు.

ఈ విద్యకు గ్రంథస్థమైన వంశవృక్షము గూడ కలదు. కందూరి చోడులకు ప్రభువులైన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో సంస్కృతమున రచించిన 'మానసోల్లాసము'న మత్స్యవినోదమని ఒక ప్రకరణమున్నది. చేపల జాతులు, వానికి వేయవలసిన మేతలు, గాలము, త్రాడు, కఱ్ఱ మొదలగువానిని ఆ రాజు శ్రద్ధగా వర్ణించెను. ప్రసిద్ధ జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా ఆ ప్రకరణమును పరిశీలించి 1951లో వ్యాసము ప్రకటించెను. కాని అది ప్రభువుల వినోదమునకు పుట్టిన శాస్త్రము. కూటికై గాలిలోనికి దిగువానికి అది యొక్కటే చాలదు.

ఇక పెద్ద నీరు వేఱు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. ఆనకట్ట యెత్తు 124 మీటర్లు. నిండు మట్టము 590 అడుగులు. నిండిననాడు నీరు దాదాపు 285 చదరపు కిలోమీటర్ల మేర పఱచుకొనును. దానికి ఎగువన 1980 దశకమున పూర్తియైన శ్రీశైలము ఆనకట్ట వెనుక నీటి విస్తీర్ణము అంతకు రెట్టింపు. కొల్లాపురము దాపున సోమశిల రేవులో నిలుచుండి చూచిన, ఆవలి గట్టు కర్నూలు సీమ కొండల నీలిమగా మాత్రమే తోచును.

ఈ నీటికి తాతలు లేరు. చెరువులో తొలిసారి దిగు బాలునకు చేయి పట్టుకొని నేర్పువాడు ఒకడుండును; వానికి నేర్పినవాడు మఱియొకడుండును. సాగరములో మొట్టమొదట వల వేసినవానికి ఎవ్వరు నేర్పిరి? ఆ నీరు వాని కన్నులయెదుటనే పుట్టినది. దాని లోతు ఎవడును ఈది యెఱుగడు. దాని గాలి ఎటునుండి యెప్పుడు తిరుగునో చెప్పు సామెత యేదియు అప్పటికి పుట్టలేదు. అప్పటినుండి నేటివఱకు గడచినది మూడు తరములకు మించదు. చెరువు వయస్సు ముందు అది యొక పూట.

పైగా దాని యడుగున ఊళ్ళున్నవి. సాగరము క్రింద ఇక్ష్వాకుల విజయపురి మునిగినది. నల్లగొండ వైపున ఏలేశ్వరము మునిగినది. శ్రీశైలము నీటి క్రింద పాలమూరు, కర్నూలు జిల్లాల పల్లెలు అనేకములు 1981 ప్రాంతమున ఖాళీ యయ్యెను. సోమశిల దేవళములను విప్పి రాయి రాయి మోసి మెఱకను తిరిగి కట్టిరి; కూడవెల్లి సంగమేశ్వరుని అలంపురమునకు చేర్చిరి. ఇండ్లను, చెట్లను, బావులను మోసినవారు లేరు. అందుచేత కొత్తవాని వల మొదట పట్టునది చేపను కాదు, మునిగిన తుమ్మమొద్దును. ఎక్కడ దిబ్బ యున్నదో, ఎక్కడ వాగు పాఱెడిదో ఆ భూమిని దున్నినవారికి మాత్రమే తెలియును. 1981లో పదేండ్ల బాలుడై యున్నవాడు నేడు ఏబది దాటినవాడు. తన తండ్రి పొలముమీద పుట్టి నడుపుచు వల విడుచు అట్టివాడు ఇంకను కొందఱు కలరు. వారి తరువాత ఆ జ్ఞానము గూడ నీటిలోనిదే.

మఱి సాగరమును నేర్పినదెవరు? నల్లగొండ జిల్లా నేరెడుగొమ్ము మండలమున సాగరము వెనుకనీటి యొడ్డున వైజాగ్ కాలనీ యను పల్లె యొకటి కలదు. పేరే దాని చరిత్ర. విశాఖ ప్రాంతమునుండి వలసవచ్చి స్థిరపడిన జాలరి కుటుంబముల పల్లె యది. ఇటీవల ఆదివారములందు పట్టణమువారు పడవషికారుకు, వేచిన చేపలకు అచ్చటికి పోవుచున్నారు. సముద్రమును చీల్చినవారికి ఈ సాగర మొక లెక్కయా యని తోచవచ్చును. ఆ తోచుటయే పొరపాటు. సముద్రపుటల పొడుగైనది, దూరమునుండి వచ్చును, దానిపై తెప్ప యెక్కి దిగును. జలాశయపుటల పొట్టిది, నిట్రమైనది. ఒకటి దిగకముందే రెండవది కొట్టును. అల యెత్తు గాలి వేగమును, అది వీచిన కాలమును, అడ్డములేక దొరకిన నీటి నిడివిని బట్టి యుండును. నల్లమల కొండలకును అమ్రాబాదు గట్టులకును నడుమ కృష్ణ యిఱుకు లోయలో పాఱి వచ్చినది; ఆ లోయ వెంట దూసుకొనివచ్చు గాలికి వెడల్పైన నీరు ఒక్కసారి దొరకగానే అది పగ్గము తెంచుకొన్న కోడె యగును. సముద్రమున గాలి ముందుగా ఆకాశమున కనబడును. ఇచ్చట కొండ మలుపు దాటి వచ్చి మీదపడువఱకు తెలియదు. విశాఖ జాలరులును ఈ నీటికి మొదట కొత్తవారే. వారికిని చెరువువారికిని నడుమ భేదమేమన, గాలిని చూచి భయపడుట వారికి పుట్టుకతో వచ్చిన విద్య.

ఇంతకును వేటకు కారణమైన వాలుగను గూర్చి చెప్పవలెను. పొలుసు లేని యొడలు, వెండివంటి తళతళ, కన్నుల వెనుకదాక చీలిన నోరు, లోనికి వాలిన సన్నని పండ్ల వరుసలు, రెండు పొడవైన మీసములు, కడుపు క్రిందనుండి తోకవఱకు సాగిన రెక్క: ఇది దాని రూపము. మీటరు పొడవు దాకా పెరిగినవి దొరకును. రెండు మీటర్లు మించినవి గూడ పూర్వము లెక్కకెక్కినవి. పగలు లోతున, రాళ్ళసందున పడియుండి, రాత్రి వేటాడును. తనకంటె చిన్నదైన ప్రతి చేపయు దానికి మేతయే. అందుచేత ప్రభుత్వము బొచ్చె, రవ్వ పిల్లలను విడుచు నీళ్ళలో మత్స్యశాఖల పుస్తకములు దీనిని శత్రువుగా లెక్కించును. పులి లేని అడవి యెట్టిదో ఆ పుస్తకములు వ్రాసినవారు ఆలోచించినట్లు లేదు.

దీని పేరు వెనుక తెలుగువారు గర్వింపదగిన చిన్న కథ యున్నది. రక్తపింజరిపామునకు ఇంగ్లీషున తన పేరు తగిలించుకొన్న పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో 1803లో గ్రంథము ప్రకటించెను. అందు చేపలకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను అక్కడి జాలరులు పలికినట్లే ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. వాలుగ అట్లు దేశాంతరము పోయినది. తరువాత డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ 1851లో ఆ చేపల ప్రజాతికి 'వాలగో' యని పేరు పెట్టినప్పుడు నిలిచినది ఆ తెలుగు మాటయే. విశాఖ జాలరి నోట పుట్టిన పేరును లోకమంతటి విద్వాంసులు పలుకుచుండగా, విశాఖ జాలరియే నల్లగొండ కొండలలో ఆ చేపకు గాలము వేయుచుండుట కాలము చేసిన చిత్రము.

అమెరికా, కెనడా దేశముల పెద్ద సరస్సులలో దీనివంటి గుణమే గల మస్కీ యను చేప కలదు. దాని కులము వేఱు. మాటువేసి మీదపడు స్వభావము మాత్రము ఒక్కటే. పదివేల సారులు గాలము విసరిన గాని అది దొరకదని అచ్చటివారి నానుడి. అది యెరవెంట పడవ ప్రక్కదాక వచ్చి ఆగి చూచును. అప్పుడు గాలమును నీటిలో ఎనిమిది అంకె ఆకారమున త్రిప్పుదురు. పట్టిన తరువాత ఫొటో తీసికొని విడిచిపెట్టువారే నేడక్కడ ఎక్కువ. ఆ దేశములలో తొలిసారి దిగువాడు చేప దొరకకున్నను కథతో ఇంటికి పోవును. మన కొత్తవానికి ఆ సౌకర్యము లేదు. పుట్టికి, త్రాటికి, గాలములకు వ్యాపారి ముందుగా ఇచ్చిన సొమ్ము వాని నెత్తిపై నుండును.

మిర్గమునకు ముందటి సాయంకాలము ఒడ్డున జరుగు సంభాషణ ఏ యేటికాయేడు ఇంచుమించు ఒక్కటే.

"పడమర కట్టిందిరా అబ్బాయీ. రేపు పొద్దెక్కినాక లోపల ఉండకూడదు," అని ముసలి జాలరి యనును.

"రేపు మిర్గం గద తాతా. ఒక్క వాలుగన్న దొరకకుంటె సేటుకు ఏం జెప్పాలె?" అని కొత్తవాడు.

"ఏదోటి సెప్పు. సెప్పడానికి నువ్వుండాలి కదా!"

వాలుగకు వల కంటె గాలపు త్రాడు నమ్మదగినది. పొడవైన నైలాను త్రాటికి ఎడమెడముగా గాలములు వ్రేలాడదీసి, రెండు చివరల రాళ్ళు కట్టి, పైన ఖాళీ డబ్బాలు బెండ్లుగా తేలవిడుతురు. గాలము దగ్గఱ జానెడు మేర ఉక్కుతీగ యుండవలెను. లేకున్న ఆ పండ్లకు నైలాను నూలుపోగుతో సమానము. ఎరగా బ్రతికియున్న చిన్న చేపయో కప్పయో కావలెను. చీకటిపడుచుండగా విడిచి, తెల్లవాఱకముందే ఎత్తవలెను. రాత్రి గాలి సాధారణముగా నెమ్మదించును. ప్రొద్దెక్కి నేల కాగిన కొలది లేచును. కనుక వేట యంతయు సూర్యునితో పందెము.

త్రాడు ఎక్కడ విడువవలె ననునది రెండవ విద్య. కొత్తవాడు గాలి తగులని చాటుకొనను వెదకును. అక్కడ నీరు అద్దమువలె నుండును, మనస్సునకు ధైర్యముగా నుండును. చేప మాత్రము ఉండదు. గాలి పైనీటిని త్రోసినవైపునకే నాచు తునుకలు, పురుగులు కొట్టుకొనిపోవును. వానివెంట చిఱుచేపలు, నేడు జలాశయములలో నిండిపోయిన జిలేబిచేపలు చేరును. వానివెంట వాలుగ వచ్చును. ఎక్కడ అల గట్టును కొట్టి నీరు ఎఱ్ఱబాఱునో అక్కడనే మేత, అక్కడనే ముప్పు. ఇది సముద్రమువారికిని చెరువువారికిని సమానముగా ఈ నీరే నేర్పిన పాఠము.

పడవ పుట్టి. వెదురుబద్దల బుట్టకు పూర్వము తోలు కప్పెడివారు. ఇప్పుడు పట్టా చుట్టి తారు పూయుదురు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్రపై ఇట్టి గుండ్రని బుట్టపడవలను చూచి, వానిలో గుఱ్ఱములను, ఎద్దులను గూడ దాటింపవచ్చునని వ్రాసెను. ఏటికి అది చక్కని వాహనము. రాయి తగిలిన పగులదు, తలపై మోసికొని పోవచ్చును. కాని దానికి ముందువెనుకలు లేవు. గాలిలో ఒక్క తెడ్డు తప్పినచో కుమ్మరిసారె వలె తిరుగును. తేలికయగుటచే అల క్రింద పడదు, నిజమే. అయితే గాలి యెటు త్రోసిన అటు పోవును.

కొత్తవాని తొలి తెల్లవాఱు ఇట్లుండును. నక్షత్రములుండగనే ఇద్దఱు పుట్టి యెక్కుదురు. నీరు నల్లగా, కదలక యుండును. ఇంతమాత్రమునకా నిన్న ఆ ముసలివాడు అంత చెప్పినది యని వానికి తోచును. మొదటి డబ్బా దొరకును. త్రాడు చేతికి రాగా మొదటి గాలము వట్టిది. రెండవదానికి ఎర అట్లే యున్నది. మూడవది దేనినో పట్టుకొని రాదు. లాగిన మఱింత బిగియును. మొద్దు అని పెద్దవాడు చెప్పి, త్రాడు కోయుమనును. కోయుటకు కొత్తవానికి చేయిరాదు. ఒక్క గాలము ఖరీదు వానికి తెలియును. ఆ తగువులో అరగంట గడచును. తూర్పు తెల్లబడును. పడమట కొండ మలుపున నీటిపై ఒక ముదురుగీత కనబడును. చెరువువాడు దానిని నీడ యనుకొనును. అది గాలి.

సరిగా అప్పుడే త్రాడు చేతిలో బ్రతుకును. మొద్దు లాగదు, ఇది లాగుచున్నది. చెరువులో ఇంతటి బరువును వాడెన్నడు ఎఱుగడు. వాలుగ మొదట లోతునకు పోవును. తరువాత పైకి లేచి, తల విసరి, పుట్టి క్రిందుగా దాటును. తెల్లని కడుపు కనబడగానే కొత్తవాడు లేచి నిలువబోవును. పుట్టిలో చేయరానిది అదొక్కటే. పెద్దవాడు వాని మొలత్రాడు పట్టి కూలవేయును. ఆ క్షణముననే మొదటి అల వచ్చి అంచున నీరు పోయును.

ఇది హాస్యము కాదు. 2007 జనవరిలో శ్రీశైలము వెనుకనీటిలో సింగోటము జాతర ప్రయాణికుల పడవ మునిగి పదుల కొలది ప్రాణములు పోయినవి. అది జాతరపడవ గనుక లోకమునకు తెలిసినది. ఒంటరి పుట్టి బోర్లపడిన సంగతి ఊరు దాటదు.

చేపను పుట్టిలోనికి తెచ్చుట నేర్పు. గాలిలో పుట్టిని గట్టునకు తెచ్చుట అంతకంటె నేర్పు. ఎదురుగాలికి తెడ్డువేసిన భుజములు పోవును గాని పుట్టి పోదు. పెద్దవాడు ఇంటివైపునకు ప్రయత్నమే చేయడు. గాలికి వాలుగా, ఏటవాలున, రెండు మైళ్ళు దిగువనున్న ఏదో కొనకు చేర్చును. అక్కడ పుట్టిని తలక్రిందు చేసి మోసికొని నడుచును. ఇల్లు కన్నుల యెదుటనుండగా దానికి వీపు త్రిప్పి పోవుట కొత్తవానికి మిక్కిలి కష్టమైన పని. చెరువు వానికి దీనిని నేర్పలేదు. చెరువున ఏ గట్టు చేరినను ఊరే.

ఒడ్డున త్రాసు సిద్ధముగా నుండును. మిర్గపు ధర మధ్యాహ్నమువఱకే. త్రాసులో పడిన వాలుగ కడుపు ఉబ్బి యుండును. కోసిన లోపల పసుపుపచ్చని జన కుండెడు. దానిని ఇష్టపడి వేఱుగా అడిగి కొనువారు కలరు. వానకొత్తనీటికి ఆ గుడ్లు పెట్టియుండిన ఎన్ని వేల పిల్లలగునో లెక్క కట్టువారు అచ్చట లేరు. కొంత తప్పు ధరది, కొంత కార్తెది. ఆ మాటకు వచ్చిన, సందులేని కన్నులతో వేలెడు పిల్లను గూడ ఊడ్చివేయు అలివి వలలు సోమశిల వైపున చేసిన నాశనము ముందు ఈ గాలపువాని పాపము పిసరంత. నిషేధమున్నను ఆ వలలు దిగుచునే యున్నవి. స్థానిక మత్స్యకారులకును వారికిని తగవులు జరుగుచునే యున్నవి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వాలుగను ముప్పునకు గుఱియైన జాతుల జాబితాలో చేర్చినది. తాతలు లేని ఆ నీటిలో నదినాటినుండి ఉన్న పాతకాపు అదొక్కటియే. ఆనకట్టకు ముందు కృష్ణ యెట్లు పాఱెడిదో దాని వంశమునకు తెలియును.

ముసలి జాలరి ఆ కడుపును వ్రేలితో తాకి, "ఇంకో నెలాగితే నీళ్ళు నిండేవి," అని మాత్రము అనును. కొత్తవాడు మాఱుపలుకడు. వాని చేతిలో సేటు ఇచ్చిన నోట్లు తడిసియుండును.

మధ్యాహ్నమునకు సాగరము తెల్లని నురుగుతో నిండును. ఒడ్డున బోర్లించిన పుట్టిపై గాలి దరువు వేయును. కొత్తవాడు త్రాటిని బండపై ఎండకు పఱచి గాలములను ఒక్కొక్కటిగా లెక్కించును. ఇరువదింటిలో మూడు లేవు. ఒకటి మొద్దునకు పోయినది, అది వానికి తెలియును. తక్కిన రెండింటి ఉక్కుతీగలను చేతబట్టుకొని, తెగిన కొనలను వెలుతురునకు త్రిప్పి త్రిప్పి చాలసేపు చూచును.